పుష్పవతి సమాధి మీద పడాక్ ఆకులు

మా దీవిలోని ప్రోతరాపూర్‌లో ఓ మాట తిరుగుతోంది. జీవానందం తన భార్య సమాధి మీద ఆకులు పెట్టి చేతబడి చేస్తున్నాడట, అందుకే చర్చిలో సంఘ పెద్దలు అతన్ని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వడం లేదట. జీవానందం ఇంటి గోడకి ఇవతలే నా కాపురం. అది అబద్ధమని తేల్చాలనే ఇది రాస్తున్నాను.

జీవానందం చెట్ల ప్లాంటేషన్లో మజ్దూరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పుష్పవతి కూడా అతనితో పాటు మొక్కలు మోసేది. వాళ్లు వయసులో ఉండగా ఒక వానాకాలం కొండవాలంతా కలపకి పనికొచ్చే పడాక్ మొక్కలే నాటమన్నారు. ఒక పక్కన కొన్ని కుళ్లిపోతే, ఆ గుంతల్లో ఆమె ఎవరినీ అడక్కుండా దిరిసెన మొక్కలు పెట్టేసింది. జీవానందం పనివాళ్లందరి ముందూ, "పలక పట్టనిదానివి, చెట్ల సంగతి నీకేటి తెలుసు?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె అటు అడుగు పెట్టలేదు. ఇంట్లో వండేది, నవ్వేది, చెట్ల మాట మాత్రం ఎత్తేది కాదు. కరోనా వెళ్లిన మరుసటేడు జ్వరంతో పోయింది.

మొన్న సమాధుల పండుగనాడు మేమంతా పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, అతను సంచిలోంచి ఆకులు తీశాడు. మా వీధి నాన్సీ ఊరుకుంటుందా?

"ఏం భయ్యా, మేకలకి మేత తెచ్చావేటి?"

అతను ఆకుల్ని ఒక్కొక్కటే సమాధి మీద పేర్చాడు. పుకారు అక్కడ పుట్టింది.

నాకు నిద్ర పడుతుందా మరి? ఆ ఆకులెక్కడివో చూద్దామని మర్నాడు అతని వెంట బస్సెక్కి ఆ కొండవాలుకి వెళ్లాను. ఒక పక్క అన్నీ పడాక్‌లే. ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నగా పెరిగాయి. ఆకు చిన్నది, పాలిపోయింది. రెండో పక్క దిరిసెనల మధ్య ఉన్న పడాక్ మానులు నా కౌగిలికి అందలేదు. ఆకు వెడల్పుగా, ముదురు పచ్చగా ఉంది, సమాధి మీద చూసినట్టే.

"ఇది పుష్పవతి నాటిన పక్కే కదూ?"

"అదే దీదీ. ఏళ్ల తరబడి చూస్తానే ఉన్నాను. ఒక్కసారీ దాన్ని తీసుకొచ్చి చూపించలేదు."

తిరిగొచ్చి పాస్టరుగారిని అడిగాను. "మేమెవరమూ ఆపలేదమ్మా. బల్ల వేళకి ఆయనే లేచి వెళ్లిపోతున్నాడు" అన్నారు.

ఆ సాయంత్రం గోడ మీంచే అడిగేశాను.

"ఎవరూ ఆపనప్పుడు రొట్టె ఎందుకు తీసుకోవు, జీవానందం?"

"ఎవరినైనా నొప్పిస్తే ముందు వాళ్లతో సమాధానపడి రమ్మన్నాడు కదా దీదీ ప్రభువు. ఆకులైతే పెట్టగలుగుతున్నాను. మాఫీ చెయ్యమనడానికి నోరు పెగల్డం లేదు. పెగిలినా, సరేలే అనడానికి అదేదీ?"