పెనం దగ్గర దొరికిన జన్యువు

మొన్న శనివారం సరిగ్గా రెండు గంటల పాటు ఈ దేశంలోనే గొప్ప చెరకు శాస్త్రవేత్తను నేనే. మూడో గంటకు చీమలొచ్చి ఆ పదవి ఊడబెరికాయి. ఏం జరిగిందో వినండి. నవ్వడం మాత్రం చివర్లో!

నా పీహెచ్‌డీ చెరకులో తీపి మీద అని మీకు తెలుసు కదా. ఆకు చక్కెర తయారు చేస్తుంది, గడ దాచుకుంటుంది. మధ్యలో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ దూరి, దాచుకున్నదాన్ని విరగ్గొడుతుంది. ఆ దొంగ ఏ మొక్కలో బద్ధకంగా ఉంటుందో, ఆ బద్ధకం వెనక ఏ జన్యువులున్నాయో పట్టుకోవడమే నా పని. అందుకోసం చంద్రగిరి దాటాక పాకాల దారిలో, మునిరత్నం మామ చేలో ఒక మడి పెట్టాం. ఒకే తల్లి, ఒకే తండ్రి, నలభై మంది పిల్లలు. పిల్లకో వరుస, వరుసకో నంబరు పుల్ల.

పదిహేను రోజుల్లో సెమినార్. "ఈసారి ఒక్క మంచి రకమైనా చూపించకపోతే ఈ మడి వదిలేసి వేరే పని చూద్దాం" అని మా గైడ్ మేడం ముందే చెప్పేశారు. రెండేళ్ల చాకిరీ అండీ! అటు మామకూ తొందరే. ఆ రోజు గానుగ ఆయన వంతు. నా కొలతలు అయితే తప్ప మడి కొట్టడానికి లేదు.

పొద్దున ఏడింటికే దిగాను. గడలో నుంచి రసం చుక్క తీయడం, చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేయడం, వెలుతురు వైపు పెట్టి ఒంటికన్నుతో చూడడం. లోపల నీలం గీత ఎక్కడ ఆగితే అదే తీపి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, ఇంకో చుక్క. మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. పోగులు లెక్కపెట్టే చోట పెరిగినదాన్ని కాబట్టి అంకెలు చూస్తే నాకు ఆకలి కూడా గుర్తుండదు. పదహారు, పదిహేడున్నర, పద్దెనిమిది... పద్నాలుగో వరుస ఒక్కటే ఇరవైన్నర. 'పర్వాలేదు' అనుకుని ముందుకు పోయాను.

ఇరవయ్యో వరుస అయిపోయేసరికి గానుగ దగ్గర్నుంచి రాజమ్మత్త, అంటే మామ భార్య, కేక వేసింది.

"మ్మేయ్, రా! పాకం వచ్చేసినాది!"

"పని ఉంది అత్తా, అయ్యాక వస్తా."

"గానుగ కాడికొచ్చిన మనిషి నోరు తీపి చేసుకోకుండా పోతే బెల్లం ముద్ద కట్టదు. మా బెల్లం చెడగొడతావా యేంది?"

బెల్లం ముద్ద కట్టకపోవడానికి కారణం అదే ఇన్వర్టేజ్ అని, నా నోటితో దానికి సంబంధం లేదని నేను అరగంట చెప్పగలను. కానీ పెనం మీద నుంచి ఆ వాసన వస్తుంటే ఎవరు చెప్తారు? అరిటాకు ముక్కలో వేడివేడి పాకం. వేళ్లతో తోడుకుని తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. చేతికి అందిన గుడ్డతో తుడుచుకుని పరిగెత్తాను.

డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. ఇంకో సీసా బండిలో ఉంది. బండి రోడ్డు మీద ఉంది. ఎండ నెత్తిమీద ఉంది. 'గుడ్డ ఉంది కదా, గట్టిగా తుడిస్తే చాల్లే' అనుకున్నాను.

ఇరవై ఒకటో వరుస: ఇరవై ఆరు!

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఇరవై ఆరే! ఇరవై రెండో వరుస ఇరవై ఐదున్నర. ఆ తర్వాత ఇరవై ఐదు. నలభై వరకూ ఒక్కటి కూడా ఇరవై రెండుకు తగ్గలేదు! గట్టు మీద కూలబడి లెక్క వేశాను. తీపి తక్కువవి ఇరవై, ఎక్కువవి ఇరవై. సగానికి సగం! వన్-టు-వన్! అనుకున్న లెక్కకూ వచ్చిన లెక్కకూ ఎంత తేడానో చెప్పే కై-స్క్వేర్ సున్నా! పిల్లలు ఇలా సగం సగంగా చీలారంటే వెనకున్నది ఒకే ఒక్క జన్యువు! చెరకులో తీపిని నడిపేది జన్యువుల పెద్ద గుంపు అని పుస్తకాలన్నీ మొత్తుకుంటుంటే, నేనేమో ఒక్కదాన్ని జుట్టు పట్టుకుని బయటికి లాగాను!

ఆ ఊపులో మామను పిలిచాను. "మామా! ఒకటి నుంచి ఇరవై వరకు కొట్టేసుకో. వాటితో నాకు పనే లేదు!"

"నిజంగానే చెప్తా ఉండావా?"

"నిజం మామా. బంగారమంతా ఇటు పక్కే ఉంది."

గంటలో ఇరవై వరుసలూ గానుగలో పడ్డాయి. అప్పుడు మేడంకు ఫోన్ చేశాను. "చెరకులో? ఒకే జన్యువు? అక్కడే ఉండు, వస్తున్నా" అన్నారు. నేనేమో పేపర్‌కు పేరు ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

మేడం తిరుపతి నుంచి వచ్చీ రాగానే నా నోట్‌బుక్ తీసుకున్నారు. పేజీ తిప్పబోతే రాలేదు. పక్క పేజీకి అతుక్కుంది.

"తీపివన్నీ ఒకే వైపు ఎందుకున్నాయి? వరుసలు మనం చీటీలు తీసి కదా నాటింది?"

"అదే మేడం, అదృష్టం!"

"ఇరవై ఆరుతో మొదలై ఇరవై రెండుకు దిగింది. నీ జన్యువు వరుస వరుసకూ కరిగిపోతోందా?"

నేను నోరు తెరిచేలోపు ఆవిడ బోరు నీళ్లు ఒక చుక్క అద్దం మీద వేసి, వెలుతురుకు పెట్టి చూశారు. సున్నా ఉండాలి. ఐదు!

"మునిరత్నం గారూ, మీ బోరు నీళ్లు కూడా కొత్త రకమేనా?"

మామకు అర్థం కాలేదు. అత్తకు అయింది. ఆమె నా పెట్టె వైపే చూస్తోంది. గుడ్డ మీద చీమలు. గుడ్డ నుంచి అద్దం దాకా చీమలు. నోట్‌బుక్‌లో ఇరవై ఒకటో వరుస నుంచి, మళ్లీ చీమలు.

"మ్మేయ్, నువ్వు పాకం తిని చెయ్యి తుడుచుకునింది ఈ గుడ్డకే కదా?"

నేలలోకి కూరుకుపోవాలనిపించింది. అన్నీ కడిగి, నిలబడి ఉన్న ఇరవై వరుసలూ మళ్లీ కొలిచాం. ఒక్కటి కూడా పద్దెనిమిది దాటలేదు. అంటే మొత్తం నలభైలో నిజంగా తీపిది ఒక్కటే. పద్నాలుగు. ఇరవైన్నర.

నలుగురం తలలు తిప్పి పెనం వైపు చూశాం. పద్నాలుగు కుతకుతా ఉడుకుతోంది.

నాకు ఏడుపొచ్చేసింది. మామ నా వైపు, మడి వైపు చూసి నింపాదిగా అన్నాడు: "ఏడస్తా ఉండావా? గడ పోతే పోయినాది, మోడు యాడికి పోతాది? కార్సి తోట ఎట్లా వస్తాదనుకున్నావు? మోడులో నుంచే కదా మళ్లా మొలిచేది!"

పరిగెత్తాను. పద్నాలుగో నంబరు పుల్ల కాస్త వంగినా అక్కడే ఉంది. కింద మోళ్లు భద్రం. ఆ మట్టికి దండం పెట్టానంటే నమ్మండి!

"మొదటి ఇరవై కొలతలు కడిగి తీసినవే కదా, అవి చాలు. సెమినార్‌లో పద్నాలుగు గురించి చెప్పు. మడి ఇంకో ఏడాది ఉంచుదాం" అన్నారు మేడం. బతికిపోయాను! కారెక్కుతూ మాత్రం, "నీళ్ల సీసా సంగతి మొదటి స్లైడ్‌లోనే చెప్పాలి" అన్నారు.

అత్త ఆ పెనం బెల్లం మేడంకూ నాకూ చెరో ముద్ద కట్టిచ్చింది. రాయిలా గట్టిగా ముద్ద కట్టింది లెండి. నేను తిన్నాను కదా మరి!

అయినా ఒక్క మాట. నా వన్-టు-వన్ లెక్కలో తప్పేమీ లేదు. పాకం తినకముందు ఇరవై, తిన్నాక ఇరవై. కై-స్క్వేర్ ఇప్పటికీ సున్నానే!