ఆయన చొక్కా గుండీలు

తొంభైల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. బిలాస్‌పూర్ స్టేషన్‌ ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో టీవీ నడుస్తోంది. ఏదో ఆసుపత్రి సీరియల్. ఎమర్జెన్సీ వార్డులోకి తెచ్చిన స్ట్రెచర్ మీద ఉన్నది తన భర్తేనని చూసి, అందులో నర్సు గొంతు చించుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి.

"అలాగ ఏడవడానికి టైమేదీ?" అంది పక్కన కూచున్నావిడ, మా వైపు ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే. తను క్యాజువాలిటీలో నర్సునని చెప్పింది.

"మీకెప్పుడైనా అలా..." అని ఆగిపోయాను.

"రైల్వే యార్డులో దెబ్బలు తగిలి మా ఆయన్ని తెచ్చినప్పుడు డ్యూటీలో నేనే ఉన్నాను. రక్తంతో ఎవులొచ్చినా ముందు కత్తెరతో చొక్కా కోసీడమే మా పని. ఎంతమందివి కోసీసినానో! ఆయనది మాత్రం కొయ్యనేదమ్మా. కొత్త చొక్కా, పాడైపోతాదని ఒక్కో గుండీ విప్పినాను. డాక్టరు నా చెయ్యి లాగీసేదాకా విప్పుతూనే ఉన్నాను."

ఆవిడ వేళ్లు ఒళ్లోనే మెల్లగా కదులుతున్నాయి. ఆవిడే చెప్పింది.

"కోసీసినా ఏటీ తేడా ఉండేది కాదన్నాడు డాక్టరు. మంచాయన."

ఇంతలో ఆవిడ బండి వచ్చింది. సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇస్త్రీ చేసిన చొక్కాకి గుండీలన్నీ పెట్టి మడతపెట్టడం మా అమ్మ నేర్పిన పద్ధతి. ఆ ప్రయాణం తర్వాత మా వారి చొక్కాలకు పై గుండీ ఒక్కటే పెడుతున్నాను. ఎందుకని ఆయన అడిగితే, బద్ధకం అంటాను.