లైను కలిపాక వినని మనిషి

ఫోనక్కకి ఆ పేరు ఉద్యోగం పెట్టింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తప్ప మిగల్లేదు. చిన్న వయసులోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. అది మూతపడ్డాక ఒక ఫ్యాక్టరీలో ఫోన్ల గది చూసుకుంది. బతుకంతా ఇతరుల మాటలకి దారి చూపించడంతోనే సరిపోయింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఆమె డ్యూటీలో ఉండేది. కొన్నాళ్ళకి ఆ మాటే రావడం మానేసింది.

ఎక్స్ఛేంజిలో ఒక పద్ధతి ఉండేది. ఎదురుగా చిల్లుల బోర్డు. ఒక తీగ ఒక చిల్లులో, దాని జత తీగ ఇంకో చిల్లులో గుచ్చి, "లైను కలిపాను, మాట్లాడండి" అనగానే మీట పైకి తోసెయ్యాలి. ఇక ఆపరేటరుకి ఏమీ వినపడదు. మాటలు అయిపోతే చిన్న దీపం వెలుగుతుంది. అప్పుడు తీగలు లాగెయ్యడమే. మధ్యలో వినడం తప్పు. విన్నది మొయ్యడం అంతకన్నా తప్పు. కొత్తగా చేరిన అమ్మాయిలు మీటని సగంలో ఆపి చెవి ఒగ్గేవాళ్ళు. ఫోనక్క మొదటి రోజు నుంచీ పూర్తిగా తోసేది. ఊళ్ళో సగం తగాదాలూ సగం పెళ్ళి సంబంధాలూ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. ఆమెకి ఒక్కటీ తెలియదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. ఫోనక్క నోట్లో ఆ గింజ నాని, మొలకెత్తి, కాపుకొచ్చినా పైకి తెలిసేది కాదు.

ఆమెకి ఒక అన్న, ఒక తమ్ముడు. చెరో ఊళ్ళో ఉంటారు, రైల్లో ఒక పూట దూరం. అన్న బట్టల కొట్టు నడిపి మానేశాడు. తమ్ముడు పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసుకుని రిటైరయ్యాడు. చిన్నప్పటి నుంచీ ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. అయినా మాట్లాడుకునేవాళ్ళు. మాటలు పోయింది, మాట్లాడుకోవడం సులువయ్యాకే.

అన్న ఒక కంపెనీవారి యాప్‌లో మాట్లాడతాడు. అందరూ అందులోనే ఉన్నారు. ఒకటే షరతు, అందులో ఉన్నవాళ్ళు అందులో ఉన్నవాళ్ళతోనే మాట్లాడాలి. తమ్ముడిది వేరే దారి. మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్ళాలో నియమాలు అందరికీ తెలిసేలా రాసి పెట్టారట. ఆ నియమాలు పాటించే ప్రోగ్రాం ఎవరు తయారుచేసినా, దాంట్లోంచి మరొకరి దాంట్లోకి మాట్లాడుకోవచ్చట. ఎవరి సొత్తూ కాదు. మాట్లాడేవాళ్ళు కూడా పెద్దగా లేరు.

"నీ రోడ్డు బాగానే ఉందిరా. దాని మీద నువ్వొక్కడివే నడుస్తున్నావ్," అన్నాడు అన్న.

"నీది ఊరు కాదన్నయ్యా, గేటున్న కాంపౌండు. యజమానికి బుద్ధి పుట్టినరోజు గేటేస్తాడు. నువ్వు లోపలుంటావో బయటుంటావో వాడిష్టం."

"నాలుగు కోట్ల మంది ఉన్నారు కాంపౌండులో."

"అందుకే గాలాడట్లేదు."

ఇద్దరికీ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా దాంట్లోకి నువ్వు రా అంటే నా దాంట్లోకి నువ్వే రా అనుకున్నారు. ఎవరూ వెళ్ళలేదు. మామూలు ఫోన్ చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. చేసుకోవచ్చు. చేసినవాడు ఓడినట్టు. అలా రెండేళ్ళు గడిచాయి. ఫోనక్క దగ్గర మాత్రం రెండు ఫోన్లున్నాయి: అన్న కొనిచ్చిన దాంట్లో అన్న యాప్, తమ్ముడిచ్చిన పాతదాంట్లో తమ్ముడి ప్రోగ్రాం.

ఇంతలో కంటి సంగతి వచ్చిపడింది. ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. ఉన్న కుడి కంటికి శుక్లం ముదిరింది. ఫోన్లో ఎత్తే బొత్తానికీ పెట్టేసే బొత్తానికీ తేడా ఇప్పుడు రంగుతో కాక, అది ఏ పక్కన ఉందో చూసి తెలుసుకుంటోంది. డాక్టరు తారీకు ఇచ్చి, కట్టు ఉన్నన్నాళ్ళు ఇంట్లో తోడు మనిషి ఉండాలన్నాడు. వేళకి కట్టు సడలించి చుక్కలమందు వేసి మళ్ళీ కట్టాలి. తోడు మనిషి సంతకం లేకపోతే ఆపరేషన్ లేదు. ఆ తారీకు తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. అందాకా ఆ కన్నూ ఆగుతుందో లేదో తెలియదు.

అన్నకి చెప్పింది. "నేనొస్తానమ్మాయ్. మరి వాడు వస్తానన్నాడా? ఇద్దరం ఎందుకు? కనుక్కుని చెప్పు."

తమ్ముడికి చెప్పింది. "వస్తానక్కా, దాందేముంది. అన్నయ్య వస్తున్నాడేమో అడుగు ముందు."

"కబురు మొయ్యను," అంది ఫోనక్క ఇద్దరితోనూ. "లైను కలుపుతాను, మీరే మాట్లాడుకోండి."

"ఎలా కలుపుతావక్కా? అవి రెండూ కలవవు. మా తగాదా అంతా అదేగా," అన్నాడు తమ్ముడు.

ఫోనక్క భోజనాల బల్ల మీద తువ్వాలు మడతపెట్టి పరిచింది. రెండు ఫోన్లలోనూ ఇద్దరినీ పిలిచి, స్పీకర్లు పెట్టి, ఫోన్లని ఎదురెదురుగా పడుకోబెట్టింది. ముందు చెవులు చిల్లులు పడే కూత వచ్చింది. బెత్తెడు దూరం జరిపితే ఆగింది. పెద్ద పెద్ద ఇంజనీర్లు కలవవని తేల్చినవి తువ్వాలు మీద కలిశాయి. శబ్దం కొంచెం డబ్బాలోంచి వచ్చినట్టుంది, అంతే.

"లైను కలిపాను, మాట్లాడండి," అని ఆమె గది బయటికి వచ్చి తలుపు వేసేసింది.

బాల్కనీలో ఆరిన బట్టలన్నీ మడతపెట్టింది. మడతపెట్టినవి మళ్ళీ విప్పి మడతపెట్టింది. లోపల అలికిడి ఆగాక వెళ్ళి చూస్తే రెండు ఫోన్లూ నిద్రపోతున్నాయి. ఏం తేల్చుకున్నారని ఆమె అడగలేదు. లైను మీద మాట్లాడుకున్నది అడగడం ఆమెకి చేతకాదు. ఆ సాయంత్రం అన్న దగ్గర్నుంచీ తమ్ముడి దగ్గర్నుంచీ ఒకటే మాట వచ్చింది: చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "తోడు ఎవరొస్తున్నారండీ? పేరు రాసుకోవాలి."

"మావాళ్ళు వస్తారమ్మా."

"మావాళ్ళు అంటే ఎవరు?"

"అన్నో తమ్ముడో. వాళ్ళు మాట్లాడుకున్నారు."

"ఏమనుకున్నారు?"

"నేను వినలేదు."

నర్సు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఎల్లుండి పొద్దునకల్లా పేరు చెప్పకపోతే మీ వంతు వెనకవాళ్ళకి ఇచ్చేస్తారండీ. తర్వాత నన్నంటే లాభం లేదు," అంది.

ఫోనక్క మళ్ళీ తువ్వాలు పరిచింది. మళ్ళీ కూత, మళ్ళీ బెత్తెడు దూరం. లైను కలిపాను అని చెప్పి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. దొంగతనానికి వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుంది.

"మొన్న ఎక్కడ ఆపాం?" అంటున్నాడు అన్న.

"గేటు దగ్గర."

"ఆఁ. అదే, గేటుంటే కాపలా కూడా ఉంటుంది కదరా. నీ రోడ్డు మీద దొంగ వస్తే ఎవరికి చెప్తావ్?"

"దొంగే గేటు పెట్టుకుంటే ఎవరికి చెప్తావన్నయ్యా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. రెండేళ్ళ బాకీ వడ్డీతో సహా తీర్చుకుంటున్నారు. తమ్ముడు కాఫీ పెట్టుకుంటూ మాట్లాడుతున్నాడు, అన్న టీ తాగుతూ మాట్లాడుతున్నాడు. కన్ను ఊసు లేదు. మొన్న కూడా ఇంతేనని ఫోనక్కకి అప్పుడర్థమైంది. టీ కప్పు సాసర్లో పెట్టిన ప్రతిసారీ గలగలమంటోంది. పెట్టేశాక కూడా కాసేపు మోగుతోంది. ఆమె చెవి ఆ చప్పుడు దగ్గర ఆగిపోయింది.

"నా కంటి సంగతి ఏం చేశారు?" అంది.

కప్పు గలగల ఆగిపోయింది.

"అక్కా, నువ్వు లైన్లో ఉన్నావా?" అన్నాడు తమ్ముడు, గురువుగారు ఎవరి జేబులోనో చెయ్యి పెట్టడం చూసినట్టు.

"ఉన్నాను. మొదటి నుంచీ."

"నువ్వు వినవుగా అమ్మాయ్," అన్నాడు అన్న.

"వినకపోతే నా కన్ను పోయేలా ఉంది. చెప్పండి, ఎవరొస్తున్నారు?"

"వీడే కదా వచ్చేది?"

"నువ్వు కదా అన్నయ్యా?"

"మొన్న ఆ మాట వచ్చిందిరా."

"రాబోయింది. నువ్వు గేటు సంగతి ఎత్తావ్."

ఫోనక్క ఫోన్ల వైపు వంగింది. ఫలానావాళ్ళు కావాలని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగినవాళ్ళకి కలపడమే ఆమె పని. "తమ్ముడు రావాలి," అంది.

"నేనెందుకు వద్దు?" అన్నాడు అన్న. గొంతులో రోషం దాగలేదు. "నాకు చుక్కలు వెయ్యడం రాదా?"

"నీ చెయ్యి వణుకుతోందన్నయ్యా."

"ఎవరన్నారు?"

"కప్పు చప్పుడు వినిపిస్తోంది."

అన్న కప్పు దూరంగా జరిపిన చప్పుడు వచ్చింది. తర్వాత, "టీ వేడిగా ఉంది," అన్నాడు.

తమ్ముడు దానికి ఎదురు చెప్పలేదు. అన్న మాటకి అతను ఎదురు చెప్పకపోవడం ఫోనక్క ఎరిగినంతలో అదే మొదలు. "రేపు బండెక్కుతానక్కా," అని మాత్రం అన్నాడు. నర్సు పేరు రాసుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టుతో ఫోనక్క మంచం మీద వెల్లకిలా పడుకుంది. తమ్ముడు చుక్కల సీసాలు వరసగా పెట్టుకుని, ల్యాబులో ఆమ్లాలు కలిపినంత శ్రద్ధగా ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అన్న కొనిచ్చిన ఫోన్ మోగింది. ఆమె చెయ్యి చాపింది గానీ ఫోన్ ఎటుందో తెలియలేదు.

"అది అన్నయ్య," అంది.

"తెలుసు."

"నువ్వు ఆ యాప్ ముట్టుకోవు కదా."

తమ్ముడు కాసేపు మోగనిచ్చాడు. తర్వాత ఎత్తాడు.

"అమ్మాయ్, ఎలా ఉంది?"

"నేనన్నయ్యా. అక్క బాగానే ఉంది."

అవతల అన్న గొంతు ఒక్కసారి పైకి లేచింది. సంతోషం పట్టలేకపోతున్నాడని ఇవతలికి తెలుస్తోంది. "ఒరేయ్. నువ్వు ఎందులో మాట్లాడుతున్నావో తెలుసా?"

"అక్క ఫోన్లో."

"అక్క ఫోన్లోనే. కానీ ఏ యాప్‌లో?"

"అది తర్వాత చూద్దాంలే. చెయ్యి ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?"

"ఏ చెయ్యి?"

"అన్నయ్యా."

ఫోనక్క పక్కకి తిరగకూడదన్నారు కాబట్టి తిరగలేదు. కదలకుండా పడుకుని వింటోంది.

"శీతాకాలం నుంచి," అన్నాడు అన్న. "మీ వదినకి చెప్పలేదు."

"ఎవరికైనా చూపించావా?"

"లేదు."

"అక్క కట్టు విప్పగానే అటే వస్తాను," అన్నాడు తమ్ముడు. "వెళ్దాం."