సోయికూర పులుసు రంగు

కంప్యూటర్ తెర మొదట వచ్చిన రంగులోనే ఉందంటే వ్రాతిస్లావ్ గారికి ఆ పూట ముద్ద దిగదు. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ట్రాము మలుపు దగ్గరి ఆ చిన్న గ్రంథాలయంలో ఉన్నవి మూడు కంప్యూటర్లు. మూడూ లినక్స్‌తో నడిచేవే, మూడింటి ఆలనాపాలనా ఆయనదే. పుస్తకాల జాబితా టైపు చేసే తెరకు ఈ వారం ఒక రంగు, పై వారం మరొకటి. ఒక్కో రంగుకీ ఆరక్షరాల సంకేతం ఉంటుందట. మనవళ్ల పేర్లు తడుముకునే మనిషికి అవన్నీ కంఠస్థం.

పక్క బల్ల రాద్కాకు ఇది ప్రాణసంకటం. ఆ రంగులకు ఆమె భోజనశాల వంటకాల పేర్లు పెట్టింది. బీట్‌రూట్ వారం గడిచింది, బఠాణీ జావ వారం గడిచింది. అక్టోబరులో లేత పసుపు సోయికూర పులుసు రంగు దిగి, అక్కడే తిష్ఠ వేసింది.

"తెల్లగా ఉంటే మీ సొమ్మేం పోయిందండీ?" అని అడిగిందామె.

"తెలుపు రంగేంటమ్మాయ్, అది రంగెయ్యడం మర్చిపోయిన చోటు" అన్నాడాయన.

మూడో బల్ల క్వేటా గారిది. ఉద్యోగ విరమణకు ఇంకా పదహారు నెలలున్నాయి. ఏ రంగు దిగినా ఆవిడ కిక్కురుమనదు. ఆవిడ అలుసిచ్చే ఈయన్ని నెత్తికెక్కించిందని రాద్కా నమ్మకం.

కొత్త అధికారిణి వస్తూనే, జాబితాలో తప్పులు ఎక్కువ చేసేవారిని నేలమాళిగలోని గిడ్డంగికి పంపుతానని చెప్పింది. ఇదే అదనని రాద్కా రంగుల మీద ఫిర్యాదు రాసిచ్చింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా మూడు తెరలూ ఒకే రంగులో ఉండాలని, ఆ తర్వాత ఎవరూ మార్చకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ శుక్రవారం వ్రాతిస్లావ్ గారు సెలవు పెట్టి అడవికి పుట్టగొడుగుల కోసం వెళ్లాడు. పని రాద్కా మీదే పడింది.

ఆమె రంగుల ఫైలు తెరిచింది. అందులో వాక్యం ముందు ఒక గుర్తు పెడితే యంత్రం దాన్ని చదవకుండా వదిలేస్తుంది. ఆ గుర్తు పెట్టి ఆయన తనకోసం ఇలా రాసుకున్నాడు.

"తెలుపు: క్వేటా ముక్కు తెరకు తగులుతోంది. కంట్లో పొర. ఆపరేషన్ వసంతంలో. ఎవరికీ చెప్పొద్దంది.

బీట్‌రూట్: రోజుకు తొమ్మిది తప్పులు.

బఠాణీ జావ: నాలుగు.

సోయికూర పులుసు: ఒక్కటీ లేదు. ఆవిడ ఒక్కదాని తెరే మారిస్తే సంగతి బయటపడుతుంది. మూడూ మార్చాలి. రాద్కా తిడుతుంది. తిట్టనీ."

రాద్కాకు తల కొట్టేసినట్టయింది. తను పెట్టిన పేర్లనే ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. ఉత్తర్వు మళ్లీ చదివింది. ఒకే రంగు అని ఉంది గాని, ఏ రంగో లేదు. మూడు తెరలకూ సోయికూర పులుసునే ఖాయం చేసి, ఆజ్ఞ అమలైందని అధికారిణికి రాసి పంపింది.

సోమవారం వ్రాతిస్లావ్ గారు పుట్టగొడుగుల బుట్టతో వచ్చి, తెర చూశాడు. తర్వాత అలవాటుగా మౌస్ మీదికి చెయ్యి పోయింది.

"కాస్త పసుపు తగ్గిస్తే..."

"చెయ్యి తియ్యండి. ఉత్తర్వు" అంది రాద్కా.

ఆయన చెయ్యి తీసి, బుట్టలో సగం ఆమె బల్ల మీద కుమ్మరించాడు.

అప్పుడు క్వేటా గారు మొదటిసారి రంగు గురించి నోరు విప్పింది.

"ఈ రంగు ఖాయం చేసిందెవరో గాని, కాస్తయినా కళాపోషణ లేదమ్మాయ్."

"నేనేనండీ" అంది రాద్కా.