మామగారి ఉన్నిజోళ్లు

ఆ వీధిలో ఆమెను నురగమ్మ అంటారు. పగలంతా మోచేతుల దాకా సబ్బు నురగే మరి! పెరటి రేకుల గదిలో ఉన్నిని సబ్బునీళ్లతో తడిపి, రుద్ది రుద్ది టోపీలూ సంచులూ చేస్తుంది. ప్లాస్టిక్ షీటును కావలసిన ఆకారంలో కత్తిరించి, దానికి రెండువైపులా ఉన్ని పరుస్తుంది. షీటు అడ్డుంటుంది కాబట్టి పైపొరా కిందిపొరా అతుక్కోవు. అంచుల్లో మాత్రం కలిసిపోతాయి. చివరికి నోరు కోసి షీటు లాగేస్తే లోపలంతా ఖాళీ.

నలభై ఏళ్లు దర్జీపని చేసిన మామగారికి ఈ విద్య మింగుడుపడేది కాదు. "కుట్టు లేకుండా సంచేంటమ్మా, విడ్డూరం!" అనేవాడు.

మూడు నెలలుగా ఆయన పాదాలు వాచి ఏ చెప్పులూ పట్టడం లేదు. ఒట్టికాళ్లతో వీధిలోకి వెళ్లడం నామోషీ. టీకొట్టు స్నేహాలు మానేసి, కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసి సణిగేవాడు. మనిషి ఇలాగే మూలపడిపోతాడేమోనని నురగమ్మకు బెంగ పట్టుకుంది. ఆయన పాదాలు కొలిచి, జోళ్ల కోసం షీటు కత్తిరించింది.

ఆమె నీళ్లు కాచుకొచ్చేలోగా పెద్దాయన షీటు చూశాడు. పాదం కన్నా చుట్టూ రెండు వేళ్లు ఎక్కువుంది! పాపం, పిల్ల కొలత తప్పింది, చెబితే చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాడు. చటుక్కున కత్తెర తీసి, సరిగ్గా పాదమంత చేసి, ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికి చేరాడు. నురగమ్మ ఫోనులో కబుర్లాడుతూ గమనించకుండానే ఉన్ని కప్పేసింది.

రుద్దేకొద్దీ ఉన్ని ముడుచుకుంది. చివరికి తేలినవి ఐదేళ్ల పిల్లకు పట్టే జోళ్లు.

"ఇదేంటి మామయ్యా! ముడుచుకుంటుందనే కదా పెద్దగా కోశాను!"

పెద్దాయన నీళ్లు నమిలాడు. "ముడుచుకుంటుందా? ఆ మాట ముందే చెప్పొద్దూ! నేనే సరిచేశానమ్మాయ్."

ఆమెకు కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు, కళ్లనీళ్లు వచ్చేదాకా.

నురగమ్మ మళ్లీ కొలిచి, ఈసారి షీటును కళ్లెదుటే ఉంచుకుని పని కానిచ్చింది. రెండు రోజులకు ఆరిన జోళ్లలో పెద్దాయన పాదాలు మెత్తగా దిగాయి. లేచి గుమ్మం దాకా నడిచి ఆగాడు.

"ఇన్నేళ్లూ అందరి కొలతలూ నేనే తీశాను. నా కొలత తీసింది నువ్వొక్కదానివేనమ్మా" అన్నాడు.

ఆమె ఏమంటుందో వినకుండానే వీధిలోకి దిగాడు. టీకొట్టు కట్టేసేదాకా ఇంటికి రాలేదు.