తువ్వాలు కింద చెప్పిన మాట

మా కంపెనీ మేడం పోయారు. సోమవారం పొద్దున నేను గేటు తాళం తీస్తుంటే మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాక, "నీకు ముందే తెలుసా పెద్దాయనా?" అని అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మేడం గురించి ఒక పుస్తకం వేస్తున్నాం, నువ్వు చెబితే మేం రాసుకుంటాం అన్నారు ఆఫీసువాళ్ళు. నేను చదివింది మూడో తరగతే. అయినా ఆమె గురించి నా మాట నేనే రాస్తానన్నాను. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఈ కంపెనీ పుట్టింది గుంటూరు ఊరి చివర, పాత పత్తి గోడౌనులో. అప్పటికే నేను అక్కడ వాచ్‌మన్‌ని. గోడౌను ఆసామి ఆమెకు గోడౌనుతో పాటు నన్నూ అద్దెకిచ్చాడని నవ్వేవాడిని. మొదట ఆమె, ఇంకో ఇద్దరు, మూడు బల్లలు. గాలి వీస్తే మూలల్లోని దూది లేచి కంప్యూటర్ల మీద వాలేది. ముగ్గురూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని పని చేసేవాళ్ళు.

అందరూ ఆమెను మేడం అనేవాళ్ళు. నేను ఎదురుగా ఉంటే "అమ్మాయ్" అనేవాడిని. ఆమె నన్ను "బాబాయ్" అనేవారు. ఒకరోజు అడిగాను, "ఇంతకీ నువ్వు అమ్మే సరుకేంటి అమ్మాయ్?" అని. నెట్‌లో మనం ఏం చూశామో, ఎవరితో మాట్లాడామో పరాయివాడికి తెలియకుండా చేసే సాఫ్ట్‌వేర్ అన్నారు. నాకు బుర్రకెక్కలేదు. నువ్వు ముందు ఏం పని చేసేవాడివని ఆమె అడిగారు.

నేను వినుకొండ చుట్టుపక్కల సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడిని. మోకాళ్ళు అరిగి మానేశాను. మా బేరం నోటితో చెప్పేది కాదు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటాం. చుట్టూ వందమంది నిలబడినా ఒక్కడికీ తెలియదు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పి చూపించాను. ఏ వేలు పడితే ఎంతో చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వారు.

"మేం అమ్మేది నీ తువ్వాలే బాబాయ్" అన్నారు.

ఆ తర్వాత ఎవరు వచ్చినా, మా సరుకు గురించి తెలియాలంటే గేటు దగ్గర బాబాయిని అడగండి అని పంపేవారు. నాకు మీసం మెలేసినంత గర్వం. మూడు బల్లలు ముప్పై అయ్యాయి. పైన ఇంకో హాలు కట్టారు.

ఆ పొగరే నా కొంప ముంచింది. ఒకాయన వచ్చి, పెద్దాయనా అని మర్యాదగా పిలిచి, మీ కంపెనీకి బాగానే వస్తున్నారే జనం అన్నాడు. ఎంతమంది వస్తారో చూడు అని గేటు రిజిస్టరు ఆయన చేతికిచ్చాను. అందులో వచ్చినవాళ్ళవీ, పనివాళ్ళవీ పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి. నేను మంచినీళ్ళు తెచ్చేలోపు ఫోన్‌తో పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాడు. వారం తిరక్కుండా మా ఖాతాదారులకు, పనివాళ్ళకు ఆయన పోటీ కంపెనీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సగం మంది అటు వెళ్ళిపోయారు.

మేనేజరు నన్ను తీసేయమన్నాడు. తీసేసేదేంటి, నేనే పోతున్నానని తాళాలు ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె తాళాల వంక చూడలేదు.

"సంతలో ఎప్పుడైనా తువ్వాలు తీసేసి బేరం చేశావా బాబాయ్?"

"లేదు."

"మరి గేటు దగ్గర ఎందుకు తీశావు?"

నేను తల దించుకున్నాను. నా బతుకులో తల దించింది ఆ ఒక్కసారే. ఆమె తాళాలు నా చేతిలో పెట్టి, "తప్పు నాది కూడా. లోకమంతటికీ తలుపులు చేసి అమ్ముతూ, మన గేటులో పుస్తకం తెరిచి పెట్టుకున్నాను" అన్నారు.

ఆ రోజు నుంచి రిజిస్టరు మీద నా తువ్వాలు ఉంటుంది. రాసేవాడికి ఖాళీ గీత ఒక్కటే కనిపిస్తుంది. వారానికోసారి పాత పేజీలు చించి కాల్చేస్తాను. మన దగ్గర లేనిదాన్ని ఎవడూ దోచుకోలేడు అనేవారు ఆమె. లోపల కంప్యూటర్లకూ అదే నియమం పెట్టారు.

తర్వాత ఒక పెద్ద కంపెనీవాళ్ళు కొంటామని వచ్చారు. గేటు దాకా సాగనంపి వెనక్కి వస్తుంటే బేరం కుదరలేదా అని అడిగాను.

"ఎడ్లను కొంటామని వచ్చి, ఎడ్లవాళ్ళ ఇళ్ళలో గుట్లు కూడా కలిపి ఇమ్మన్నారు బాబాయ్."

ఆ తర్వాత రెండేళ్ళు కష్టంగా గడిచాయి. పై హాలు మూసేశాం. ఆమె కూడా మాతోనే చెట్టు కింద కూర్చుని క్యారియరు తినేవారు, నా పచ్చిమిరపకాయ పచ్చడి అడిగి మరీ వేయించుకునేవారు. తర్వాత వేరే ఒక కంపెనీలో జనం వివరాలన్నీ బయటపడితే, ఆ జనమే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. పై హాలు తాళం నేనే తీశాను.

పోయినేడు మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజులు. మధ్యాహ్నం ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి నా స్టూలు మీద కూర్చున్నారు. తువ్వాలు ఇమ్మన్నారు. మా ఇద్దరి చేతుల మీద కప్పి, కింద నా చెయ్యి పట్టుకున్నారు. నేను నేర్పిన పద్ధతిలోనే వేళ్ళు నొక్కారు. డాక్టర్లు ఆమెకిచ్చింది అన్ని నెలలు.

"పెంచమని అడిగాను బాబాయ్. ఒప్పుకోలేదు."

విషయం పొక్కితే ఆ కొనేవాళ్ళు మళ్ళీ చుట్టూ మూగుతారని, ఈలోపు కాగితాలు పూర్తి చేయాలని చెప్పారు. తన తర్వాత ఎవరు కూర్చున్నా జనం గుట్టు అమ్మకుండా కట్టేసే కాగితాలు అవి. ఎవరికీ చెప్పకు అని మాత్రం అనలేదు. నాకు అనక్కర్లేదని ఆమెకు తెలుసు.

మేడం చిక్కిపోయారేంటని మేనేజరు అడిగాడు. ఎండలు అన్నాను. మా ఆవిడ అడిగింది. దానికీ చెప్పలేదు. ఆమె పోయే ముందు గురువారం లాయరు వచ్చాడు, సంతకాలైపోయాయి. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి నా వైపు చూసి ఆమె తల ఊపారు. సంతలో బేరం ముగిశాక అలాగే ఊపుతాం.

తప్పు చేసిన ముసలివాడి చేతికి తాళాలు తిరిగిచ్చి, అంత పెద్ద మాట నా దగ్గర దాచారు. అంతకంటే నాకేం కావాలి?

నాకు ముందే తెలిసి ఉంటుందని, ఇప్పుడు వచ్చేవాళ్ళందరూ, డాక్టర్లు ఎన్ని నెలలని చెప్పారట పెద్దాయనా అని అడుగుతున్నారు. సంతకం పెట్టి లోపలికి వెళ్ళమంటున్నాను. వాళ్ళు ఖాళీ గీత మీద పేరు రాసి వెళ్తున్నారు. వాళ్ళు వెళ్ళాక తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. ఆమె నొక్కిన వేళ్ళు ఇంకా నాకు తెలుస్తున్నాయి. ఎన్నో మీకూ చెప్పను.