ఇరవై ఆరో ముద్ద

కోటబొమ్మాళి సంత వీధిలో రెండు కుట్టుమిషన్లున్న చిన్న కొట్టు సుహాసినిది. జాకెట్టు గుడ్డ ఇచ్చి "ఎప్పుడిస్తావమ్మా?" అంటే "గురువారం" అంటుంది. గురువారమే ఇస్తుంది కూడా. దర్జీల్లో ఇలాంటి మనిషి ఉంటుందంటే నమ్మలేక చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు చూసిపోదామని వచ్చి, గుడ్డ ఇచ్చి మరీ వెళ్తుంటారు. ఆమెకు ఇంకో అలవాటుంది. తినే పొట్లం ఏది విప్పినా ముందు గదిలో తలలు లెక్కపెడుతుంది. నాలుగు పునుగులుండి అయిదుగురు మనుషులుంటే, పునుగులన్నీ తుంచి అయిదు వాటాలు వేస్తుంది. "ఇదేటే పిచ్చి, నాకొద్దన్నాను కదా" అని మొగుడు వినోద్ మొత్తుకున్నా వినదు. వాటా వద్దనే హక్కు మొగుడికి కూడా లేదు ఆమె దగ్గర.

ఈ అలవాటు శ్రీకాకుళంలో పట్టుకుంది. అరసవల్లి పోయే దారిలో, పాత పప్పుల మిల్లు వెనక ఉన్న బాలికల హోమ్‌లో సుహాసిని పన్నెండేళ్లు పెరిగింది. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి పనికని మద్రాసు వైపు వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆరేళ్ల పిల్లను నాయనమ్మ తెచ్చి హోమ్‌లో దింపి, పై నెల వస్తానని చెప్పింది. రెండు నెలలు మాట నిలబెట్టుకుంది. మూడో నెల ముసలామె రాలేదు, ఆమె పోయిందన్న కబురు వచ్చింది.

హోమ్‌లో ఇరవై నలుగురు ఆడపిల్లలు. వాళ్లకు వంట చేసి పెట్టేది చిన్నతల్లి. పిల్లలందరికీ ఆమె "తల్లమ్మ". నరసన్నపేట అవతల ఏదో పల్లెటూరు. మొగుడు పోయాక పిల్లాజెల్లా లేక, వంటపనికని వచ్చి అక్కడే పాతుకుపోయింది. నల్లగా, పొట్టిగా, రోలులా ఉండేది. నోరు పెద్దది. ప్రేమగా మాట్లాడితే ఎవరైనా చూస్తారేమోనని భయం ఉన్నట్టు, ప్రేమను కూడా తిట్టుగానే తిట్టేది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ మాట చిన్నతల్లి దగ్గర పనిచేయదు. ఆమె అందరి మనిషే, అందుకే ఎవరికీ ఒక మెతుకు ఎక్కువ పడదు. మూర మల్లెపూలు ఎవరైనా తెచ్చిస్తే, వేళ్లతో కొలిచి ఇరవై నాలుగు ముక్కలు చేసేది. ఒక్కొక్కరికి రెండేసి పువ్వులు వచ్చేవి. ఆ రెండు పువ్వులూ జడలో పెట్టుకుని బడికెళ్తే, "ఏమే, చెట్టు కింద నిలబడితే రాలాయా?" అని ఏడిపించేవారు తోటి పిల్లలు. సుహాసినికి ఇప్పటికీ ఆ రెండు పువ్వుల కంటే ఎక్కువ పెట్టుకుంటే తల బరువుగా ఉంటుంది.

చిన్నతల్లికి ఇంకో నియమం ఉండేది. ఎవరికీ చేత్తో ముద్ద పెట్టదు. జ్వరమొచ్చినా, పన్ను ఊడినా, తిననని అలిగినా అంతే. కంచం ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. తిడుతూ కూర్చుంటుంది. అంతేగాని చెయ్యి మాత్రం కంచం దాటి నోటిదాకా రాదు.

ఎందుకో సుహాసినికి ఏడో ఏట తెలిసింది. ఎవరో ఆసామి భార్య తన పుట్టినరోజని కేకు తెచ్చి, ముందు వరసలో ఉన్న సుహాసినిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముక్క నోట్లో పెట్టింది. ఫొటో తీయించుకుంది. మిగతా కేకు కోసి పంచమని చెప్పి కారెక్కింది. ఆ ముక్క రుచి సుహాసినికి తెలియలేదు గాని, ఆ వేళ్ల మెత్తదనం తెలిసింది. తరవాత రెండు రోజులు మిగిలిన ఇరవై ముగ్గురూ ఆమెతో మాట్లాడలేదు. పక్క మంచం పిల్ల తన పక్క కూడా దూరంగా జరుపుకుంది.

"సూసేవా?" అంది చిన్నతల్లి, వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడుస్తున్న పిల్లతో. "ఆ తల్లి ఒక్కదానికెట్టి సక్కా ఎల్లిపోనాది. ఈ గుంటలందరూ నోరెల్లబెట్టి సూసేరు. ఒకర్తికి ముద్దెడితే ఇరవై నలుగురికీ ఎట్టాలి. పూటకి ఇరవై నాలుగు నోళ్లు తినిపిస్తే వంటెప్పుడు సెయ్యాల? అందుకే ఎవులికీ ఎట్టను. ఏడుపాపి ఉల్లిపాయలు ఒలు."

న్యాయంగానే ఉంది. కానీ ఏడేళ్ల పిల్లకు న్యాయంతో ఏం పని? ఒకసారి రుచి మరిగిన ప్రాణం. తొమ్మిదో ఏట ఒక ఉపాయం తట్టింది. కుడిచేతికి పాత చున్నీ ముక్క చుట్టుకుని, "తేలు కుట్టింది తల్లమ్మా" అంటూ భోజనానికి వచ్చింది. చిన్నతల్లి ఆ చేతికేసి చూసింది, ముఖంకేసి చూసింది. తేలు కుట్టిన పిల్ల అంత ముచ్చటగా ముడి వేసుకుంటుందా అని అడగలేదు. వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బాలోని చెంచా కడిగి తెచ్చి, ఆమె ఎడమచేతిలో పెట్టింది.

"సెయ్యి నొప్పైతే సెంచాతో తిను" అంది.

చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలి కదా. సుహాసిని రెండు రోజులు ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సాంబారు గౌనంతా పోసుకుంటూ తిన్నది. మూడో రోజు ఆదివారం, గుడ్డుకూర. చెంచా కింద గుడ్డు జారి, కంచం దాటి, బల్ల కిందికి దొర్లిపోయింది. సుహాసిని చున్నీ ముక్క విసిరేసి కుడిచేత్తో దాని వెంటపడింది. భోజనాల గదంతా ఒకటే నవ్వు.

"తేలు దిగిపోనాదేటే?" అంది చిన్నతల్లి గరిటె పట్టుకుని. తనూ నవ్వింది. గుడ్డు కడిగి ఇచ్చింది. ముద్ద మాత్రం పెట్టలేదు.

పద్దెనిమిదేళ్లు నిండాక సుహాసిని హోమ్ నుంచి బయటికొచ్చింది. అక్కడే నేర్చుకున్న కుట్టుపనితో ఒక షాపులో చేరింది. కోటబొమ్మాళి దగ్గర వ్యవసాయం చేసుకునే వినోద్ ఎవరి పెళ్లికో బట్టలు కుట్టించడానికొచ్చి, అవి తీసుకున్నాక కూడా వస్తూ పోయాడు. పెళ్లయింది. అత్త సింహాచలం నోటి దురుసు మనిషే గాని మనసు చెడ్డది కాదు. "పుట్టిల్లు నేకపోతే నేకపోయింది, పనిమంతురాలు" అని వీధిలో తనే చాటింది.

ఆ పుట్టిల్లు మాట ఇప్పుడు మళ్లీ లేచింది. సుహాసినికి అయిదో నెల. అయిదో నెలలో పుట్టింటివాళ్లొచ్చి చలిమిడి పెట్టాలి. తడిపిండిలో బెల్లం కలిపి దంచిన ఆ ముద్దను తల్లి తన చేత్తో కూతురి నోట్లో పెడితే కడుపు చల్లగా ఉంటుందని, తల్లీబిడ్డా సుఖంగా వేరవుతారని నమ్మకం.

"నానెట్టకూడదే" అంది సింహాచలం. "దీనికి అత్త సెయ్యి పనికిరాదు. మా ఆడబిడ్డని పిలుస్తాను. నీకు తల్లి వరసౌతాది, ఎట్టి ఎల్లిపోతాది."

"వద్దత్తా" అంది సుహాసిని. అంది గాని, మరి ఎవరో చెప్పలేదు. చెబితే, ఆ మనిషి వచ్చి చలిమిడి పళ్లెంలో పెట్టి ఎదురుగా కూర్చుంటే? తొమ్మిదేళ్లప్పుడు దక్కనిది పాతికేళ్లకు దక్కకపోతే నవ్వేసి ఊరుకోగలనా అని ఆమెకు భయం. ఆ ముద్ద మీద ఆశ తనకు ఇంకా ఉన్నందుకు సిగ్గు కూడా వేసింది. రెండు రోజులు మిషను మీద పని నడవలేదు. ఒక జాకెట్టుకు రెండు చేతులూ కుడివైపువే కుట్టింది. మూడో రోజు హోమ్ వార్డెన్ రేఖ మేడమ్‌కు ఫోన్ చేసి, చిన్నతల్లికి ఇమ్మంది.

చిన్నతల్లి ఫోన్లో మాట్లాడితే ఫోను లేకపోయినా వినపడుతుంది. అంతా విని, "నానొచ్చేస్తే ఇక్కడ గుంటలకి వంటెవులు సేస్తారే, నీ మొగుడు సేస్తాడా?" అని అరిచి పెట్టేసింది.

అయిపోయింది అనుకుంది సుహాసిని. అత్తతో, "సరే, మీ ఆడబిడ్డనే పిలు" అంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తప్పు చిన్నతల్లిది కాదని తెలుసు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

సాయంత్రం రేఖ మేడమ్ ఫోన్ చేసి, ఆదివారం పొద్దున్నే వస్తున్నారని మాత్రం చెప్పింది. ఎవరెవరు, ఎంతమంది అని అడగాలని ఆ సంతోషంలో సుహాసినికి తోచలేదు. సింహాచలం నలుగురికి సరిపడా ఉప్మారవ్వ తెప్పించింది.

ఆదివారం ఎనిమిది గంటలకు ఇంటిముందు బడి వ్యాను ఆగింది. ఎవరినో బతిమాలి తెచ్చిన వ్యాను. అందులోంచి ఒక పిల్ల దిగింది, ఇంకో పిల్ల దిగింది, దిగుతూనే ఉన్నారు. చివర చిన్నతల్లి, ఒళ్లో పెద్ద స్టీలు డబ్బాతో.

"ఓలమ్మో!" అని గుమ్మంలోనే కూలబడింది సింహాచలం. "పుట్టింటోళ్లంటే ముగ్గురో నలుగురో అనుకున్నాను. ఇదేటే, ఊరేగింపు!"

"వంట సేసేది నానే కదమ్మా. నానొచ్చేస్తే ఈళ్లు పస్తుంటారు. అందుకే అందర్నీ తెచ్చేసినాను" అంది చిన్నతల్లి, ఇందులో వింతేముంది అన్నట్టు. కొంగు బిగించి, "పొయ్యెక్కడ?" అని అడిగింది. పావుగంటలో ఇద్దరు ముసలమ్మలూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఉప్మాలో ఉప్పు గురించి దెబ్బలాడుకుంటున్నారు. చుట్టరికం కుదిరిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఉప్మాలయ్యాక సుహాసినిని పీట మీద కూర్చోబెట్టారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. వీధిలోని ఆడవాళ్లు గోడ వార నిలబడ్డారు. చిన్నతల్లి డబ్బా మూత తీసింది. సింహాచలం తొంగి చూసి నోరు నొక్కుకుంది. ఎక్కడైనా చలిమిడి ఒక్కటే పెద్ద ముద్దగా తెస్తారు. అందులోంచి తుంచి కూతురి నోట్లో పెట్టి, మిగతాది వీధిలో ఇంటింటికీ పంచుతారు. డబ్బాలో నిమ్మకాయంత ముద్దలు, అచ్చుపోసినట్టు అన్నీ ఒకటే సైజులో, వరసగా ఉన్నాయి.

"ఇదేటి వదినా? సలిమిడి ఇలాగ లెక్కెట్టి తెస్తారేటి?"

"నా సెయ్యి అలాగే అలవాటైపోనాదమ్మా" అంది చిన్నతల్లి. మొట్టమొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "పెద్దముద్ద సెయ్యడం నాకు సేతకాదు."

గోడ వార ఎవరో కిసుక్కుమన్నారు. సుహాసిని నవ్వలేదు. ఆమె చిన్నతల్లి చేతికేసే చూస్తోంది. ఆ చెయ్యి ఒక ముద్ద తీసుకుంది. పళ్లెం అక్కడే పక్కన ఉంది. చెయ్యి పళ్లెం మీదికి వచ్చి ఆగింది. అలవాటు కదా, పాపం.

చెయ్యి పళ్లెం దాటింది.

"నోరు తెరు" అంది చిన్నతల్లి.

మసాలా ఘాటు వదలని, మొరటు వేళ్లు. మెత్తదనం ఏమీ లేదు. బెల్లం, కొబ్బరి, నెయ్యి నోట్లో కరుగుతుంటే సుహాసిని కళ్లనుంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోవాలనిపించలేదు.

"ఇంక వరసకి రండే!" అని కేకేసింది చిన్నతల్లి. ఇరవై నలుగురూ తయారుగానే ఉన్నారు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. ఒక్కొక్కరూ వచ్చి నోరు తెరవడం, ఆమె ముద్ద పెట్టడం. "ఈ ఒక్కదానికే ఎట్టి ఎల్లిపోతే ఆళ్లు ఊరుకుంటారు. నానే ఊరుకోనేను" అంది సింహాచలంతో. సుహాసినికి అప్పుడు తెలిసింది, వ్యాను నిండా పిల్లల్ని తెచ్చింది వంట కోసం కాదని.

చివరి పిల్ల కూడా తినేసింది. డబ్బా అడుగున ఒక ముద్ద మిగిలింది.

చిన్నతల్లి కంగారుపడింది. "ఎవులే తిననిది?" అంది. అందరూ తిన్నామన్నారు. తలలు మళ్లీ లెక్కపెట్టింది. "ఆళ్లకి ఇరవై నాలుగు, నీకోటి. ఇరవై అయిదు. ఈ ఇరవై ఆరోది ఎక్కణ్ణించొచ్చిందే?" ఇన్నేళ్లలో ఒక్క ఇడ్లీ కూడా తేడా రాని మనిషి. పీట పక్కన కూలబడి ఆలోచించింది. "పొద్దున్నే గుంటల పేర్లు వరసగా సెప్పుకుంటా ముద్దలు సుట్టేను. ఆ వరసలో నీ పేరు కూడా వచ్చీసుంటాదే, సుహాసినీ. ఎల్లిపోయి ఏడేళ్లయినా నోట్లోంచి పోనేదు. అయ్యాక మళ్లీ నీకని ఒకటి సుట్టేను."

సుహాసిని కొంగు చివర తీసి కుడిచేతికి చుట్టుకుంది. ముడి కూడా వేసింది, ముచ్చటగా.

"తేలు కుట్టింది తల్లమ్మా" అంది.

చిన్నతల్లి ఆ చేతికేసి చూసింది, ముఖంకేసి చూసింది.

"సెంచా తెమ్మంటావేటే?" అంది. అంటూనే ఆ ముద్ద తీసి ఆమె నోట్లో పెట్టింది.

వరసలో అందరికంటే ముందున్న పొట్టిపిల్ల వేలు చూపించి గట్టిగా అరిచింది. "తల్లమ్మా! ఆ అక్కకి రెండెట్టేవు!"

"ఎట్టేను" అంది చిన్నతల్లి, డబ్బా మూత వేస్తూ.